అరవై మూడో బిళ్ళ

ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. అతను కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాచి, పదిహేడో నంబరు రేకుబిళ్ళని ఎరుపు నుంచి ఆకుపచ్చకి తిప్పాడు. పదిహేడో నంబరు ముసలావిడ ఇవాళ కూడా బతికే ఉంది.

ఆ గదిలో జరిగే పనంతా అదే. ఊళ్లో ఒంటరిగా ఉంటూ గడప దాటలేని ముసలివాళ్లు అరవై ఇద్దరు, పొద్దున ఏడు నుంచి పది లోపల ఈ ఆఫీసుకి ఫోను చేసి, రెండు రింగులిచ్చి పెట్టేస్తారు. లేచాను, బాగానే ఉన్నాను అని దానర్థం. ఇక్కడ ఎవరూ ఎత్తరు. ఫోను మీద పడే అంకెల్లో చివరి రెండూ చూస్తే చాలు, ఎవరిదో అతనికి తెలిసిపోతుంది. గోడకున్న చెక్కబోర్డు మీద మేకుకి వేలాడే బిళ్ళని తిప్పుతాడు. పదిన్నరకి ఇంకా ఎర్రగా ఉన్నవి ఎవరివో చూసుకుని సైకిలు తీస్తాడు. వెళ్లి తలుపు కొడతాడు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఫోనులో చార్జింగ్ అయిపోయి ఉంటుంది, లేదా మనిషికి నిద్ర పట్టేసి ఉంటుంది. తిట్లు తిని వెనక్కి వస్తాడు. మిగిలిన ఆ ఒక్కసారి కోసమే ఈ ఆఫీసు. పదకొండేళ్లలో బాత్రూముల్లో జారిపడ్డవాళ్లని తొమ్మిదిమందిని లేపి కూర్చోబెట్టాడు. నలుగుర్ని లేపలేకపోయాడు.

ఈ ఏర్పాటంతా నర్సమ్మది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరై, ఇంట్లో కాలు నిలవక మొదలుపెట్టింది. డబ్బు నగరపాలక సంస్థది. పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలకి, చక్రాల కుర్చీలు బాగుచేసి ఇచ్చేవాళ్లకి, తాగుడు మాన్పించేవాళ్లకి ఏటా ఇచ్చినట్టే వీళ్లకీ గ్రాంటు ఇస్తుంది. ఇస్తుందంటే, చేతులు కట్టుకుని నిలబడితే ఇస్తుంది. గది అద్దె, ఫోను, అతని జీతం, అన్నీ అందులోంచే.

మొదట్లో ఫోను ఎత్తి మాట్లాడేవాళ్లట. ఉన్నది ఒక్క లైను. ఒకరు మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి కోడలి దగ్గరికి వచ్చేసరికి అరగంట అయ్యేది. వెనక ఇరవైమందికి ఎంగేజ్ మోత. అందుకని నర్సమ్మే రెండు రింగుల పద్ధతి పెట్టింది. అప్పుడు బోర్డు దగ్గర కూర్చునేవాడు ఒక రిటైరైన పోస్ట్‌మన్. ఒకరోజు పొద్దున ఆ కుర్చీలోనే, చెయ్యి బోర్డు వైపు చాచినవాడు చాచినట్టే పోయాడు. ఆ రోజు వచ్చిన ప్రతి ఫోనూ నర్సమ్మ ఎత్తింది. "బోర్డాయన పోయారండీ. రేపట్నుంచి ఇంకొకర్ని పెడతాం" అని అరవైమందికీ చెప్పింది. ఆ తర్వాత ఆ ఫోను మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఇంకొకరే అతను. ఏడో తరగతిలో బడి మానేసి ప్రింటింగ్ ప్రెస్సులో చేరి, ఇరవై ఏళ్లు కాగితాలు మడతపెట్టి, ప్రెస్సు మూతపడ్డాక రోడ్డున పడ్డవాడు. పెళ్లాం పన్నెండేళ్ల కిందట ఒక పెట్టె, కుట్టుమిషనూ తీసుకుని అక్కగారింటికి వెళ్లింది. కుట్టుమిషను తీసుకెళ్లింది చూడు, ఇక రాదు, అనుకున్నాడు. రాలేదు. ఇదే ఊళ్లో ఉన్న అన్నతో ఇంటి వాటా దగ్గర మాటలు తెగిపోయాయి. టైర్ల దుకాణం వెనకాల ఒక గదిలో ఉంటాడు. యాభై రెండేళ్లు.

చేరిన రోజున నర్సమ్మ బోర్డు కింద మూలన ఇంకో మేకు కొట్టి, అరవై మూడని రాసిన బిళ్ళ తగిలించింది.

"ఇది ఎవరిదక్కా?"

"నీదే తమ్ముడూ. నువ్వూ ఒక్కడివేగా. రాగానే నీది తిప్పుకుని కూర్చో. నేను ఎనిమిదింటికి వస్తా. ఎర్రగా ఉంటే నీ గది తలుపు కొట్టిస్తా."

"నాకేం పుట్టిందక్కా, దుక్కలా ఉన్నాను."

"పోస్ట్‌మన్ కూడా అలాగే అన్నాడు."

పైకి నవ్వేశాడు గానీ, ఆ రోజు నుంచి తాళం తీయగానే మొదట తిప్పేది ఆ మూల బిళ్ళనే. తను పోతే ఎనిమిదింటికల్లా ఒకరికి తెలుస్తుందన్న మాట ఈ లోకంలో అతనికున్న ఆస్తి. అంతకు మించి ఏమీ లేదు.

ఆ శుక్రవారం గ్రాంట్ల విభాగం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి, చేతిలో ఫారాల కట్ట. అరవని మనిషి. అరిచేవాళ్లని అతను ఎంతమందినో చూశాడు, వాళ్లతో తంటా లేదు. మెత్తగా మాట్లాడేవాళ్లంటేనే అతనికి భయం.

"మేడమ్, ఈ నంబరుకి పోయిన సంవత్సరం ఇరవై రెండు వేల పైచిలుకు కాల్స్ వచ్చాయి" అంది కాగితం చూసి.

"వచ్చాయమ్మా" అంది నర్సమ్మ, బిడ్డకి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు.

"మాట్లాడింది సున్నా నిమిషాలు."

"అవునమ్మా. ఎత్తం కదా."

"అదే అడుగుతున్నానండీ. ఫోనే ఎత్తని ఆఫీసుకి మేం ఎందుకు డబ్బివ్వాలి?"

నర్సమ్మ మొత్తం చెప్పింది. రెండు రింగుల దగ్గర్నుంచి బాత్రూముల దాకా ఏదీ వదల్లేదు. ఆ అమ్మాయి శ్రద్ధగానే విన్నది. అతనికే ఆగలేదు.

"దొంగలు రాలేదని వాచ్‌మన్ జీతం ఆపుతారా అమ్మా?"

"ఆపమండీ. వాచ్‌మన్‌కి మా ఫారంలో గడి ఉంది. రెండు రింగులకి లేదు." నిజంగానే బాధపడుతున్నట్టు మొహం పెట్టింది. "కనీసం ఒక నిమిషం సంభాషణ ఉంటేనే సేవ కింద లెక్క. ఒక పని చేయండి. సోమవారం నుంచి ఫోను ఎత్తండి. నేనే వచ్చి కూర్చుంటాను. రికార్డు బాగుంటే కమిటీలో మీ తరఫున నేనే మాట్లాడతాను."

ఆమె వెళ్లాక నర్సమ్మ చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

"వాళ్లకి ముందు చెప్పొద్దా అక్కా, ఎత్తబోతున్నామని?"

"ఎత్తేదే మాట్లాడ్డానికిగా. అప్పుడే చెప్తే సరిపోతుంది. ముందు చెప్పేదేముంది?"

నిజమే కదా అనుకున్నాడు. పోస్ట్‌మన్ పోయిన రోజు పొద్దున్న ఈ ఫోను ఏమని చెప్పిందో ఆమెకి గుర్తు రాలేదు. అతనికసలు తెలియదు. బోర్డుకి అవతలి వైపున్న అరవైమందికి మాత్రం పదకొండేళ్లుగా గుర్తుంది.

సోమవారం ఏడు గంటలకే గ్రాంట్లమ్మాయి వచ్చి, గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. ఏడూ అయిదుకి మొదటి ఫోను. పదిహేడో నంబరు. రెండో రింగు ఆగేలోపే అతను ఎత్తాడు. గొంతు సవరించుకుని, "నమస్కారమండీ. బాగున్నారా?" అన్నాడు.

అవతల ఉలిక్కిపడి పీల్చిన ఊపిరి వినిపించింది.

"ఎవరు బాబూ?" అంది ముసలావిడ.

"నేనేనండీ. ఆఫీసు నుంచి."

"అయ్యో... ఎప్పుడు పోయాడు బాబూ?"

"ఎవరండీ?"

"రెండు రింగులాయన."

"ఆయన్ని నేనేనండీ పిన్నిగారూ. పోలేదు. ఇదిగో, మాట్లాడుతున్నాగా."

"కొత్తలో అలాగే అంటారులే నాయనా, మేం బెంగపడతామని. చిన్నవాడేనా? పిల్లలున్నారా?"

రోజూ బిళ్ళ ఆకుపచ్చగా తిరిగేవాళ్లెవరూ అతన్ని చూసినవాళ్లు కాదు. గొంతు విన్నవాళ్లు అసలే కాదు. తను బతికున్నానని దేన్ని సాక్ష్యంగా చూపించాలి?

"ఒక నిమిషం ఇరవై సెకన్లు" అంది గ్రాంట్లమ్మాయి, టిక్కు పెట్టుకుంటూ. "బాగా మాట్లాడారు."

ఆ పూటంతా అదే వరస. కొందరు బెదిరిపోయి పెట్టేశారు. ఒకాయన, "నంబరు మారిందా, మనిషి మారాడా?" అని గద్దించాడు. ఒకావిడ ఏడ్చింది. ఏడూ నలభైకి ముప్ఫై నాలుగో నంబరు చేశాడు. గడియారాల తాత. ఒకప్పుడు ఊళ్లో సగం గోడగడియారాలు ఆయన చేతిలో పడి బాగుపడ్డవే. మూడో అంతస్తులో ఉంటాడు, పన్నెండేళ్లుగా కిందికి దిగలేదు. పదకొండేళ్లలో ఆయన బిళ్ళ ఒక్కసారి కూడా ఎర్రగా మిగల్లేదు.

"ఎక్కడ ఉంచారు ఆయన్ని?" అన్నాడు తాత.

"ఎక్కడా ఉంచలేదు తాతగారూ, నేనే..."

"చూడు బాబూ. నేను రోజూ చేసేది ఆ మనిషి కోసం. నాకు బాగుందో బాలేదో నాకు తెలీదా? అక్కడొక మనిషి కూర్చుని ఉన్నాడు, లెక్క చూసుకుంటున్నాడు అనుకుంటే మంచం దిగబుద్ధయ్యేది. ఆయన పేరు కూడా నాకు తెలియదు."

తను పోతే బాధపడే మనిషి గొంతు వినడం అతనికి అదే మొదలు. పెళ్లాం గొంతులోనూ, అన్న గొంతులోనూ వెతికినా దొరకనిది, మొహం తెలియని ముసలాయన గొంతులో దొరికింది. అయితే అది దక్కేది తనకి కాదు, చచ్చిపోయిన తనకి.

"నాలుగు నిమిషాలు!" అంది గ్రాంట్లమ్మాయి సంతోషంగా.

పదకొండు దాటాక వరండాలో చేతికర్ర చప్పుడైంది. పదిహేడో నంబరు ముసలావిడ. ఒక చెప్పు ఒక రంగు, ఇంకో చెప్పు ఇంకో రంగు. ఆవిడ వెనక మరో ఇద్దరు ఆయాసపడుతూ వచ్చారు. అందరి వెనకా, గోడ పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్యాంటు వెనకంతా దుమ్ముతో గడియారాల తాత. ఆఖరిచూపుకి వచ్చారు వాళ్లు.

"ఏరీ?" అన్నాడు తాత.

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేనే తాతగారూ."

తాత కిందనుంచి పైదాకా చూశాడు. "నా నంబరెంత?"

"ముప్ఫై నాలుగు. రోజూ ఏడూ నలభైకి చేస్తారు. ఒక్కసారే ఏడూ నలభై రెండయింది, పోయిన వానాకాలంలో."

తాత మొహం ముడతలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. "ఆ రోజు నా గడియారం ఆగిపోయిందయ్యా!" అని వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. పదిహేడో నంబరు ముసలావిడ, "ఇంత పొడుగ్గా ఉంటాడనుకోలేదు నేను. ఆ రింగులకి ఏదో పొట్టివాడిలా అనిపించేవాడు" అంది. మొదట నర్సమ్మ నవ్వింది, ఆ వెనకే అందరూ. ఆ గదిలో అంతమంది ఒకేసారి నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు.

గ్రాంట్లమ్మాయి తన కుర్చీ కూడా వాళ్లకిచ్చి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఎలా వచ్చారు తాతగారూ?" అంది.

నర్సమ్మ ఆ పిల్ల వెనక నిలబడి కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. అతనూ తాత చెయ్యి నొక్కాడు. ఎవరి సైగలూ తాత కంటికి ఆనలేదు. ఆడపిల్ల అడిగింది, చుట్టూ ముసలివాళ్లు వింటున్నారు. ఎనభై ఒక్కేళ్ల మనిషికి గొప్పలు చెప్పుకునే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది?

"ఎలా ఏంటమ్మా? బస్సులో! ఎవరి సాయమూ లేకుండా వచ్చా."

"మీరు పిన్నిగారూ?"

"నేనూ బస్సులోనే. నిలబడే వచ్చా" అంది పదిహేడో నంబరు, తాతకి తీసిపోకుండా.

మూడంతస్తుల మెట్లూ కూర్చుని ఒక్కొక్కటే జారుకుంటూ దిగానని, దానికి గంటన్నర పట్టిందని తాత చెప్పలేదు. ప్యాంటుకున్న దుమ్ము చెబుతూనే ఉంది. దుమ్ముకి మాత్రం ఫారంలో గడి ఎక్కడుంది? 'ఇల్లు కదలలేని ఒంటరి వృద్ధులు' అన్న చోట ఆ అమ్మాయి కలం ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నర్సమ్మ వైపు చూసింది. ఆ చూపులో జాలి లేకపోలేదు. తర్వాత కలం కదిలింది.

మధ్యాహ్నం తాతని ఇంటికి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, కింద దుకాణంవాడు ఒకవైపు, అతనొకవైపు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కించారు. తాత దారి పొడుగునా "మెల్లిగా, మెల్లిగా, లోపల స్ప్రింగులున్నాయి" అంటూనే ఉన్నాడు. మర్నాటి నుంచి నెలరోజులు మంచం దిగలేదు.

ఇరవై రోజులకి ఉత్తరం వచ్చింది. నర్సమ్మ పైకి చదివింది. లబ్ధిదారులు స్వయంగా ప్రయాణం చేయగల స్థితిలో ఉన్నట్టు తనిఖీలో తేలినందున గ్రాంటు పొడిగించడం లేదు. ప్రతిరోజూ కంప్యూటరు ద్వారా ఫోను వెళ్లే కొత్త ఏర్పాటుకి వారి నంబర్లు బదిలీ చేయడమైనది. ఇన్నాళ్ల సేవకు నగరం కృతజ్ఞతలు తెలుపుతోంది.

"ఒకసారి వెళ్లి కాళ్లావేళ్లా పడదామా అక్కా?"

"ఎవరి కాళ్లు తమ్ముడూ? ఆ పిల్ల కమిటీలో మన గురించి మాట్లాడిందట కూడా. వినలేదట." ఉత్తరం నాలుగు మడతలు పెట్టింది. "మనవాళ్లు నిన్ను చూడ్డానికి వచ్చారు చూడు, అదే కొంప ముంచింది."

ఆమె మామూలుగానే అంది. అతనికి మాత్రం అది ములుకులా దిగి అక్కడే ఉండిపోయింది. తన కోసం ఎవరైనా గడప దాటి రావడం జీవితంలో ఒక్కసారి జరిగింది. దానికి ధర ఇంత.

నెలాఖరున లారీ వచ్చి బల్ల, కుర్చీలు, బోర్డు ఎక్కించుకుపోయింది. అన్నీ గ్రాంటుతో కొన్నవే, అన్నిటికీ చీటీలున్నాయి. జాబితాలో బిళ్ళలు అరవై రెండని ఉంది. లెక్కపెట్టినవాడు ఒకటి ఎక్కువైందని పీకి కిటికీలో పెట్టాడు. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. నర్సమ్మ వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళుతూ, "రోజూ ఫోను చేస్తాలే" అంది. మొదటి వారం రోజూ చేసింది. రెండో వారం రెండుసార్లు. ఆమె తప్పేం లేదు. ఎవరి సంసారం వాళ్లది.

అతనికి ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు వేసే పని దొరికింది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పొద్దుటి పూటలు ఖాళీ. ఆ ఖాళీని ఏం చేసుకోవాలో తెలియక ఒకరోజు తాత గదికి వెళ్లాడు.

"చేస్తోందయ్యా ఆ మిషను" అన్నాడు తాత మంచం మీంచే. "ఆడగొంతు. మీరు క్షేమమైతే ఒకటి నొక్కండి అంటుంది. మొన్న నొక్కలేదు, ఏమవుతుందో చూద్దామని. రోజంతా తలుపు గడియ తీసి పెట్టుకు కూర్చున్నా."

"ఎవరొచ్చారు?"

"మర్నాడు అదే వచ్చింది. మీరు క్షేమమైతే ఒకటి నొక్కండి." తాత నవ్వబోయి దగ్గాడు. "నీ సొంత నంబరివ్వు. నేను పాత పద్ధతిలోనే చేస్తా. నువ్వు ఎత్తకు, సుమా. ఎత్తితే నా గుండె ఆగుతుంది."

ఇచ్చాడు. మర్నాడు ఏడూ నలభైకి రెండు రింగులు వచ్చాయి. గదిలో తలుపు పక్కన మేకుకి అరవై మూడో బిళ్ళ తగిలించి ఉంది. తాత రింగు రాగానే దాన్ని ఆకుపచ్చకి తిప్పుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఎవరూ చూడకపోయినా అలవాటు అలవాటే.

అలా రెండు నెలలు గడిచాక, ఒక పొద్దున రెండు రింగులు అయిపోయాక కూడా అతను మంచం మీదే ఉండిపోయాడు. ఒంట్లో బాగానే ఉంది. ఒక ఆలోచన తట్టి లేవనివ్వలేదు. తాత ఫోను చేశాడు, తను ఎత్తలేదు, తాత నిశ్చింతగా పడుకున్నాడు. రేపు తను పోయినా అంతే. రెండు రింగులు మోగుతాయి. ఎవరూ ఎత్తరు. తాత నిశ్చింతగా పడుకుంటాడు. ఎల్లుండీ అంతే. ఎత్తకపోతే బాగున్నట్టు లెక్క అని ఇన్నేళ్లు ఆ ముసలివాళ్లకి అలవాటు చేసింది తనే మరి.

లేచి బిళ్ళ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిప్పలేదు. ఎర్రగానే ఉంచి చూస్తూ కూర్చున్నాడు.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. అవతల దుకాణంలో టైరుకి గాలి కొడుతున్నారు. వీధిలో ఎవరో ఎవరినో పిలిచారు, తనని కాదు. పది దాటింది.

పదిన్నరకి అతను లేచి చొక్కా వేసుకున్నాడు. గదికి తాళం వేసి, సైకిలు తీసి, పాత ఆఫీసు దాకా తొక్కుకుంటూ వెళ్లాడు. అక్కడిప్పుడు ఎవరిదో ఫొటోస్టాట్ షాపు. దాని ముందు సైకిలు తిప్పుకుని, ఎర్రబిళ్ళ ఇంటికి వెళ్లేటప్పుడు తొక్కినట్టే, ఎక్కడా ఆగకుండా వెనక్కి తొక్కాడు. సైకిలు గోడకి ఆనించి, తన గది తలుపు ముందు నిలబడ్డాడు.

రెండుసార్లు కొట్టాడు.

టైర్ల దుకాణంవాడు తలెత్తి, "ఏంటన్నా, లోపలెవరైనా ఉన్నారా?" అన్నాడు.

"అదే చూద్దామని" అన్నాడు అతను.

తాళం తీసి లోపలికి వెళ్లి బిళ్ళ తిప్పాడు.